జలాశయం చెరువు కాదు

కడప జిల్లా పడమటి మండలాల్లో మంచినీటి చేపల వేట ఇవాళ ముఖ్యంగా నాలుగు జలాశయాల మీద నడుస్తోంది. జమ్మలమడుగు పక్కన పెన్నా మీద కట్టిన మైలవరం, దానికి ఎగువన 26.85 టీఎంసీల గండికోట, పులివెందుల వైపు పార్నపల్లె దగ్గర 10 టీఎంసీల చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయరు, సింహాద్రిపురం మండలంలో 6 టీఎంసీల పైడిపాలెం. ప్రొద్దుటూరు చుట్టుపక్కల పెన్నా మడుగులు, కుందూ, కేసీ కాలువ, ఊరి చెరువులు వీటికి తోడు. ఒకప్పుడు చెరువులు నిండిన ఏడాదే చేప దొరికే సీమ ఇది. శ్రీశైలం నీళ్లు పోతిరెడ్డిపాడు, గోరకల్లు, అవుకు మీదుగా గండికోటకు చేరడం, అక్కడి నుంచి ఎత్తిపోతలతో పైడిపాలానికి, చిత్రావతికి ఎక్కడం మొదలయ్యాక వేట ఏటేటా నమ్ముకోదగిన బతుకుదెరువయింది. నీళ్లతోపాటే ఒక ప్రశ్న కూడా వచ్చింది: ఈ నీళ్లలో వల వేసే హక్కు ఎవరిది, ఏ షరతుల మీద?

దీనికి కార్యాలయాల్లోనూ, ఊళ్లలో మాట చెల్లే పెద్దల మధ్యా తరచు వినిపించే జవాబు ఒకటుంది. చేప తగ్గిపోతున్నది వలల వల్ల. మత్స్యకార సహకార సంఘాలు పేరుకే సంఘాలు, వెనక నడిపేది వ్యాపారులు. అందరిదీ అన్న నీటికి కాపలా ఉండేవాడెవడూ ఉండడు. కాబట్టి బహిరంగ వేలం పెట్టి, ఎక్కువ పాడినవాడికి జలాశయం అప్పగిస్తే సర్కారుకు ఆదాయం, నీటికి కావలి, అంగడికి చేప మూడూ దక్కుతాయి. వినడానికి ఇంపుగా ఉన్న ఈ వాదం ఒక్కో మెట్టు దగ్గరా కూలిపోతుంది. చెరువుకు పనికొచ్చే లెక్కను జలాశయానికి అంటగట్టడమే దీని మూల దోషం.

వలే దోషి అన్న ఈ ఆలోచన కొత్తది కాదు. మద్రాసు సైన్యంలో వైద్యుడిగా పనిచేసిన ఫ్రాన్సిస్ డే, భారతదేశంలోనూ బర్మాలోనూ మంచినీటి చేపల పరిస్థితి మీద 1873లో నివేదిక వెలువరించాడు. నీటికి అడ్డంగా కట్టే మాట్లు, చిన్న కన్ను వలలు పిల్లచేపను ఊడ్చేస్తున్నాయన్నది అందులోని ప్రధాన ఫిర్యాదు. అదే ఏడాది, దక్షిణ కెనరాలో కలెక్టరుగా పనిచేసిన హెన్రీ సల్లివాన్ థామస్ గాలపు వేట మీద రాసిన ‘ది రాడ్ ఇన్ ఇండియా’ వచ్చింది. సరదాకు గాలం వేసే దొరల దృష్టిలోనూ దోషి పల్లెల వలే. ఈ చర్చల కొనసాగింపుగా 1897లో భారత మత్స్య చట్టం పుట్టింది. పేలుడు పదార్థాలతో, విషంతో చేపలు చంపడాన్ని అది నేరం చేసింది. వలల రకం, కన్ను కొలత, మాట్ల నియంత్రణ, ఎంచుకున్న నీళ్లలో రెండేళ్లకు మించని వేట నిషేధం వంటి వాటిపై నియమాలు చేసుకునే అధికారాన్ని ప్రాంతీయ ప్రభుత్వాలకు ఇచ్చింది. పేలుడుకు శిక్ష రెండు నెలల దాకా జైలు, లేదా 200 రూపాయల దాకా జరిమానా.

మద్రాసు ప్రెసిడెన్సీలో మత్స్యశాఖ 1907లో ఫ్రెడరిక్ నికల్సన్ నాయకత్వంలో మొదలైంది. స్వాతంత్ర్యం తర్వాత చేపల వేట రాజ్యాంగంలోని రాష్ట్ర జాబితాలో చేరింది. ఆంధ్రప్రదేశ్‌లో 1964 సహకార చట్టం కింద మత్స్యకార సంఘాలు ఏర్పడి, చెరువులు ఆ సంఘాలకు లీజుకు, పెద్ద జలాశయాల్లో వేట మనిషికింత రుసుముతో లైసెన్సుకు వెళ్లే పద్ధతి స్థిరపడింది. ఈ పద్ధతిని మార్చే ప్రయత్నం 2021లో వచ్చిన 217వ నంబరు జీవో. వంద హెక్టార్లు మించిన చెరువుల్లో వేట హక్కును బహిరంగ వేలం వేయాలని, మొదట నెల్లూరు జిల్లాలో ప్రయోగాత్మకంగా అమలు చేయాలని అది చెప్పింది. మత్స్యకారులు వీధికెక్కారు. 2022 ఫిబ్రవరి 20న నరసాపురం సభలో పవన్ కళ్యాణ్ ఆ జీవో ప్రతిని చించేశారు. ప్రభుత్వం మారాక 2024 ఆగస్టులో మంత్రివర్గం దాన్ని రద్దు చేయాలని నిర్ణయించింది. జీవో పోయింది గానీ దాని వెనక ఉన్న ఆలోచన పోలేదు. నెల్లూరు చెరువులకు అది ఎంత వర్తిస్తుందో వేరే చర్చ. గండికోట, మైలవరం వంటి నీళ్లకు మాత్రం అది ఏ కోణంలోనూ వర్తించదు.

మొదట చెరువుకూ జలాశయానికీ ఉన్న తేడా చూడాలి. దేశంలో చేపల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌ది మొదటి స్థానం. ఆ లెక్కలో సింహభాగం కొల్లేరు, భీమవరం వైపు తవ్విన చెరువులది. అక్కడ రైతు పిల్ల వేస్తాడు, మేత వేస్తాడు, నీరు పెడతాడు, చివరికి చెరువు ఎండగట్టి చేపంతా పట్టుకుంటాడు. పెట్టుబడి అతనిది, పంట అతనిది, వచ్చే పంటకు మళ్లీ పిల్ల కొనుక్కుంటాడు. అలాంటి చోట ఎక్కువ కౌలు ఇచ్చేవాడికి నీరు అప్పగించడంలో తప్పు లేదు. జలాశయంలో నీరు ఎప్పుడొస్తుందో, ఎంత మట్టానికి దిగుతుందో తేల్చేది సాగునీటి శాఖ. మైలవరం నీటిని ఆయకట్టు, రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం పంచుకుంటాయి. గండికోటలోకి శ్రీశైలం నుంచి ఎంత వస్తుందన్నది కృష్ణా వరద మీద ఆధారపడుతుంది. మేత ఎవరూ వేయరు, నీరే మేపుతుంది. వరదతో కొట్టుకొచ్చిన చేప, ఇక్కడే పుట్టిన జెల్ల, కొరమీను, వాలుగ, మత్స్యశాఖ వదిలిన బొచ్చె, శీలావతి అన్నీ కలిసి ఉంటాయి. ఇలాంటి చోట పాటదారుడు కొనేది సాగు హక్కును కాదు, కోత హక్కును. విత్తనం వేయని పొలంలో కోత హక్కు ఒక్క ఏడాదికి కొన్నవాడు గింజ మిగల్చడు.

వలలే చేపను తినేస్తున్నాయన్న మాటలో సగం నిజం ఉంది. ఆ సగం ఏ వలదో చెప్పకుండా వాదం ముందుకు పోవడమే చిక్కు. వల అంటే ఒక్క రకం కాదు. పుట్టి మీద కూర్చుని సాయంత్రం కట్టి తెల్లవారి తీసే పెద్ద కన్ను తంగీసు వలలో పెరిగిన చేపే చిక్కుతుంది, పిల్ల కన్నులోంచి జారిపోతుంది. నడుములోతు నీళ్లలో నిలబడి వేసే విసురు వల ఒక్కసారికి కప్పేది కొద్దిపాటి నీరు. దోమతెరలాంటి కన్నుతో, పదుల మంది లాగే అలివి వల మాత్రం అడుగుతో సహా ఊడ్చుకొస్తుంది. శ్రీశైలం జలాశయంలో అలివి వేట మీద మత్స్యకారులే ఏళ్లుగా ఫిర్యాదు చేస్తున్నారు, అధికారులు నిషేధం ఉందంటున్నారు, అయినా వల ఆగలేదు. అలివికి పెద్ద పెట్టుబడి, కూలీల గుంపు, పట్టిన పిల్లచేపను ఎండబెట్టి ఊరు దాటించే ఏర్పాటు కావాలి. ఒంటరి పుట్టి ఉన్న మనిషికి అవేవీ ఉండవు. పెద్ద పెట్టుబడికి తలుపు తెరిచే వేలం, చిన్న వలను అరికట్టి పెద్ద అలివిని ఆపుతుందని ఆశించడం తలకిందుల లెక్క.

కన్ను కొలత ఎందుకంత ముఖ్యమో చేప పెరుగుదల చెబుతుంది. బొచ్చె, శీలావతి, మోసు సాధారణంగా రెండో ఏట గుడ్లకు వస్తాయి. తల్లిచేప కిలో బరువుకు లక్షకు పైగా గుడ్లు పెట్టగలదు. అయితే ఇవి నిలిచిన నీటిలో గుడ్లు పెట్టవు, ఎర్రనీరు పారే వరదలోనే పెడతాయి. అందుకే 1957లో హీరాలాల్ చౌధురి హార్మోను సూదితో వీటిచేత గుడ్లు పెట్టించిన నాటి నుంచి దేశంలో చేపల పెంపకం హేచరీల మీద నిలబడింది. జలాశయంలో వదిలే పిల్ల కనీసం 80 నుంచి 100 మిల్లీమీటర్ల పొడవుండాలని శాస్త్రజ్ఞులు చెబుతారు. అంతకన్నా చిన్నదాన్ని వాలుగ, కొరమీను మింగేస్తాయి. ఆ పిల్ల కిలో అయ్యేదాకా వలకు దొరక్కుండా ఉంటేనే ఖర్చు దక్కుతుంది. ఏడాది గడువు ఉన్న పాటదారుడికి ఆ ఓపిక నష్టం. అరకిలో చేపను వదిలితే వచ్చే ఏడు అది ఇంకొకరి పాటలోకి పోతుంది. గడువు పొడిగిస్తే సరిపోతుందని వాదించేవాళ్లుంటారు. గడువు ఎంతైనా చివరి ఏడాది ఒకటుంటుంది, ఆ ఏడు నీరు ఊడుస్తారు.

పాటదారుడు ఎక్కువ పిల్ల వదులుతాడన్న వాదానికీ ఇదే జవాబు. గండికోట నుంచి పైడిపాలానికి, చిత్రావతికి నీరు ఎత్తిపోస్తున్నప్పుడు, గేట్లు ఎత్తి మైలవరానికి వదిలినప్పుడు పిల్లచేప కూడా నీటి వెంట పోతుంది. వేసినవాడికి దక్కుతుందన్న భరోసా లేని చోట సొంత డబ్బుతో పిల్ల వేసే వ్యాపారి ఉండడు. అందుకే జలాశయాల్లో పిల్ల వదలడం చాలా చోట్ల ప్రభుత్వ బాధ్యతగానే మిగిలింది. తెలంగాణలో 2016-17 నుంచి చెరువులకు, జలాశయాలకు ప్రభుత్వమే ఉచితంగా చేపపిల్లలు సరఫరా చేస్తూ, పట్టుకునే హక్కును సంఘాల దగ్గరే ఉంచింది. ప్రజల డబ్బుతో వదిలిన పిల్లను పాటదారుడి వలకు అప్పగిస్తే ఆ ఖర్చు ఎవరికి సబ్సిడీ అవుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

వేలం పక్షాన ఉన్న అన్నిటికన్నా గట్టి వాదం సంఘాల తీరు. దీన్ని దాటవేయడం నిజాయితీ కాదు. చాలా చోట్ల లీజు సంఘం పేరు మీద ఉంటుంది, డబ్బు కట్టేది వ్యాపారి. పుట్టికి, వలకు అడ్వాన్సు ఇచ్చి, పట్టిన చేపంతా తాను చెప్పిన ధరకే తూకం వేసుకుంటాడు. సభ్యత్వ జాబితాల్లో వల పట్టని పేర్లుంటాయి, వల పట్టేవాళ్ల పేర్లుండవు. ఇది నిజం. అయితే ఈ జబ్బు పేరు ఏమిటి? నీటి మీద హక్కు పెట్టుబడి ఉన్నవాడి చేతికి జారిపోవడం. ఆ జారిపోవడాన్నే చట్టబద్ధం చేసే వేలం దీనికి మందెలా అవుతుంది? ఇప్పుడు దొడ్డిదారిన వస్తున్నవాడికి అప్పుడు సింహద్వారం దొరుకుతుంది, అంతే తేడా. బినామీకి విరుగుడు వేరే ఉంది: సభ్యత్వ జాబితాను ఏటా ఒడ్డు మీదే పుట్టి, వల చూసి సరిచూడడం, అడ్వాన్సు అప్పుకు బదులు బ్యాంకు రుణం, చేప తూకం సంఘం కాటా మీద జరగడం.

అందరిదీ అన్నది ఎవరిదీ కాదన్న సూత్రానికి పుస్తకాల బలం కూడా ఉంది. గారెట్ హార్డిన్ 1968లో రాసిన వ్యాసం ఉమ్మడి వనరు నాశనమై తీరుతుందని వాదించింది. దానికి జవాబుగా ఎలినార్ ఓస్ట్రామ్ 1990లో వెలువరించిన పుస్తకం, ప్రపంచంలో ఎన్నో చోట్ల అడవులను, కాలువలను, చేపల నీళ్లను వాడుకునేవాళ్లే నియమాలు పెట్టుకుని తరాల తరబడి కాపాడుకున్నారని ఉదాహరణలతో నిరూపించింది. ఆమెకు 2009లో ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది. హార్డిన్ చెప్పినది కట్టుబాటు లేని ఉమ్మడి వనరు సంగతి. కట్టుబాటు ఉన్న ఉమ్మడి నీరు వేరు. రాయలసీమ రైతుకు ఇది పుస్తకం చదివి తెలుసుకోవాల్సిన సంగతి కాదు. తూము దగ్గర నీరుగట్టి నిలబడి, వంతుల ప్రకారం మడికి నీరు వదిలిన చెరువులు ఈ సీమ నిండా ఉన్నాయి.

జలాశయాల్లోనే దీనికి దగ్గరి ఉదాహరణ మధ్యప్రదేశ్‌లోని తవా. ఆ డ్యాం కింద భూములు పోగొట్టుకున్న ఆదివాసీలు సంఘాలుగా ఏర్పడి, ప్రైవేటు కాంట్రాక్టును ఎదిరించి, 1996 చివర్లో వేట హక్కు సాధించుకున్నారు. తవా మత్స్య సంఘం వర్షాకాలపు విరామం పాటించింది, పిల్లచేపలు వదిలింది, దొంగ వేటకు కాపలా కాసింది. 1997-98లో సుమారు 245 టన్నులున్న పట్టుబడి, మరుసటి ఏడు సుమారు 344 టన్నులకు చేరింది. 2006లో లీజు ముగిశాక దాన్ని పొడిగించలేదు. అందుకు కారణంగా చూపింది పులుల అభయారణ్యాన్ని, సంఘం వైఫల్యాన్ని కాదు. గండికోట ముంపు ఊళ్ల సంగతి ఇక్కడే గుర్తుకు తెచ్చుకోవాలి. 2020లో నీటిమట్టం పెంచినప్పుడు తాళ్లప్రొద్దుటూరు జనం ఇళ్ల ముందుకొచ్చిన నీటిని చూస్తూ ఆందోళనకు దిగారు. భూమి పోగొట్టుకున్నవాళ్ల ఊరి మీద నిలిచిన నీటిలో వల వేసే హక్కును, బయటి నుంచి వచ్చి ఎక్కువ పాడినవాడికి ఇవ్వడం న్యాయమని ఏ నియమావళీ చెప్పలేదు.

వేట విరామం సంగతిలోనూ ప్రచారంలో ఉన్న అభిప్రాయం పొరపాటే. విరామం ఉందిగా, పాటించనిది మత్స్యకారులేగా అంటారు. సముద్రంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట ఆపినందుకు తీరప్రాంత కుటుంబాలకు రాష్ట్రం భృతి ఇస్తోంది. 2019లో పది వేలుగా నిర్ణయించిన మొత్తం 2025లో ఇరవై వేలయింది. ఆ భృతి సముద్రపు పడవకే. మైలవరం పుట్టికి, గండికోట పుట్టికి అది లేదు. ఒకే రాష్ట్రంలో, ఒకే ఉద్దేశంతో, ఒకే పని మానమని చెప్పినప్పుడు ఒకరికి కూలి ఇచ్చి ఇంకొకరికి కేసు పెట్టడం విరామాన్ని విఫలం చేసే పద్ధతి. ఇంకో చిక్కు కాలానిది. జలాశయాలకు మామూలుగా పాటించే జూలై, ఆగస్టు విరామం కృష్ణా, గోదావరి వరదలకు అతికినట్టు సరిపోతుంది. కడప జిల్లాలో సెప్టెంబరు, అక్టోబరు వానలకే బరువెక్కువ. శ్రీశైలం నిండిన తర్వాత గాని గండికోటకు నీరు పూర్తిగా రాదు. ఇక్కడ చేప ఎదురీదేది, గుడ్లకు వచ్చేది ఆ నీటితోపాటు. తేదీని కాగితం మీద అచ్చువేసి పెట్టడం కాక, నీరు రావడం మొదలైన రోజు నుంచి రెండు నెలలు అని రాసుకుంటేనే విరామం పెన్నాకు సరిపోతుంది.

ఎండాకాలపు అడుగు నీరు ఇంకొక ముఖ్యమైన సంగతి. మేలో మట్టం దిగినప్పుడు చేపంతా మిగిలిన గుంటలో ఇరుక్కుంటుంది. పెన్నాలో, కుందూలో అయితే ఏటి మధ్య మడుగులే వాటి ఆఖరి దిక్కు. జమ్మలమడుగు పేరులోనే మడుగు ఉంది. అప్పుడు వేసిన ఒక్క వల, వానాకాలంలో వేసిన పది వలలకన్నా ఎక్కువ నష్టం చేస్తుంది, ఎందుకంటే వచ్చే వరదకు గుడ్లు పెట్టాల్సిన తల్లిచేపలు అక్కడే ఉంటాయి. పాటదారుడి గడువు జూన్‌తో ముగిసేదైతే అతనికి అన్నిటికన్నా లాభసాటి నెల కూడా ఆ మే నెలే.

వలలతోపాటు గాలపు వేటను కూడా ఒకే గాటన కట్టేవాళ్లున్నారు. లైసెన్సు లేనివాడెవడైనా దొంగే అన్నది పాటదారుడికి అనుకూలమైన సూత్రం. నీళ్లు అతనివైతే గట్టు మీద వెదురు బద్దకు తంగీసు కట్టి కూర్చున్న పిల్లవాడూ దొంగే అవుతాడు. పొలం పని లేని రోజున ఇంటి కూరకు రెండు చేపలు పట్టే మనిషివల్ల జలాశయానికి కలిగే లోటు లెక్కకు రాదు. ఇంకో వైపు, గండికోట లోయకు పర్యాటకులు పెరిగే కొద్దీ సరదా గాలానికి కూడా గిరాకీ వస్తుంది. ఇంటి కూరకు వేసే గాలానికి రుసుము లేకుండా, అమ్మకం లేకుండా అనుమతి, సరదా గాలానికి రుసుము, విరామ కాలంలో ఇద్దరికీ ఒకే కట్టుబాటు ఉంటే చాలు. 1873 నాటి దొరల చూపుతో గాలానికి గౌరవం, వలకు నేరం అంటగట్టే పాత తేడా మళ్లీ రాకూడదు.

నిజంగా నేరమైన వేట సంగతి ఎవరూ గట్టిగా ఎత్తడం లేదు. నాపరాయి గనులున్న జమ్మలమడుగు, ఎర్రగుంట్ల ప్రాంతంలో రాయి పగలగొట్టే జిలెటిన్ వాడకం మామూలే. అది గని దాటి నీటికి చేరితే పిల్లా తల్లీ తేడా లేకుండా చస్తాయి. చచ్చినవాటిలో చాలా భాగం అడుగుకు మునిగి చేతికి కూడా రాదు. దీనికి 1897 చట్టం పెట్టిన 200 రూపాయల జరిమానా ఆనాటికి పెద్ద శిక్ష, ఈనాటికి రెండు కిలోల చేప ధర కూడా కాదు. రొయ్య, చేప చెరువుల సాగు కోసం రాష్ట్రం 2020లో ప్రత్యేక ప్రాధికార సంస్థను చట్టం చేసి మరీ పెట్టుకుంది. సహజ జలాల్లో వేటకు పునాది మాత్రం విక్టోరియా రాణి కాలంనాటిదే. నియమాలన్నీ కాగితం మీద ఉన్నాయి, ఎవరిని అడిగినా పాటిస్తున్నామనే అంటారు. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాయమన్న సామెత ఇలాంటి చోటే పుట్టి ఉంటుంది.

మారవలసిన నియమాలు దీన్నిబట్టి వరుసగా తేలుతాయి. మొదటిది వల కన్ను: ప్రతి జలాశయానికీ కనీస కొలత నిర్ణయించి, కొలిచే పలకను సంఘం చేతికీ ఇవ్వాలి. అలివి వలను ఒడ్డు మీదనే కాక అమ్మే దుకాణంలోనూ పట్టాలి. రెండోది కాలం: విరామం పెన్నా నీటి రాకను బట్టి ఉండాలి, మడుగుల్లోనూ అడుగు నీటిలోనూ వేసవి వేట ఆగాలి, ఆపినందుకు భృతి సముద్రానికి ఎంతో జలాశయానికీ అంతే ఉండాలి. మూడోది కావలి: లైసెన్సు వల పట్టే మనిషి పేరనే ఇవ్వాలి, ముంపు ఊళ్లకు అందులో మొదటి వాటా ఉండాలి, కావలి కాసే అధికారంలో సంఘానికి భాగం ఇవ్వాలి, జిలెటిన్ వేటకు శిక్ష నేటి విలువకు పెరగాలి.

కన్ను, కాలం, కావలి తేల్చుకున్నాక రుసుము ఎంత పెట్టాలన్నది చివరి ప్రశ్న. వేలం వాదం దాన్ని మొదటి ప్రశ్న చేసింది. మిగతా మూడూ అడగడమే మానేసింది.